గడువులన్నీ మనకే!

మా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఒక పద్ధతుంది. కస్టమర్ ఫోన్ చేసి ఫలానాది పనిచేయట్లేదు అనగానే దానికో టికెట్ నంబరు పుడుతుంది. నంబరుతో పాటే ఒక గడియారం కూడా పుడుతుంది. నాలుగు గంటల్లో జవాబివ్వాలి, రెండు రోజుల్లో పని పూర్తి చేయాలి అని ముందే రాసుకున్న ఒప్పందం ఉంటుంది. గడువు దాటితే ఆ టికెట్ మేనేజర్ స్క్రీన్ మీద ఎర్రగా వెలుగుతుంది. ఇంకా దాటితే కంపెనీ బిల్లులో కోత పడుతుంది. ఇందులో నాకు బాగా నచ్చే రూలు ఒకటుంది. కస్టమర్ నుంచి మాకేదైనా వివరం రావాల్సి ఉంటే గడియారం ఆగుతుంది. పని మా దగ్గర ఆగి ఉంటే మాత్రం అది తిరుగుతూనే ఉంటుంది. అంటే ఆలస్యం ఎవరిదో లెక్క వాళ్ల ఖాతాలోనే పడుతుందన్నమాట.

ఒక ప్రింటర్ చెడిపోయినందుకు ఇంత హడావిడి కదా! మరి ఒక మనిషికి కాలు పడిపోయి, పింఛను కోసం దరఖాస్తు పెట్టుకుని, "నీకు వైకల్యం సరిపోలేదు" అనిపించుకుని, "కాదు సార్, ఇంకోసారి చూడండి" అని అప్పీలు చేసుకుంటే ఆ గడియారం ఎవరి వైపు తిరుగుతుంది? ఈ వారం మాట్లాడుకోవాల్సింది దాని గురించే.

40 అనే గీత

ముందు లెక్క తెలుసుకుందాం. మన దగ్గర వికలాంగుల పింఛనుకు ప్రధాన అర్హత 40 శాతం వైకల్యం. ఆ శాతాన్ని తేల్చేది డాక్టర్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 ప్రాంతంలో ఇందుకోసం 'సదరం' అనే సాఫ్ట్‌వేర్ తెచ్చారు. అంతకుముందు డాక్టరు చేతిరాతతో ఇచ్చే సర్టిఫికెట్టే ఆధారం. సదరం వచ్చాక పరీక్ష వివరాలు కంప్యూటర్లో ఎక్కిస్తే శాతం లెక్క అది తేలుస్తుంది. నిజానికి మంచి ఆలోచనే. ఇప్పుడు దాని స్థానంలోకి దేశమంతటికీ ఒకే కార్డు, 'యూడీఐడీ' వస్తోంది. 1995 చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తిస్తే, 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. ఆ చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది.

ఒక మనిషికి రెండు రకాల వైకల్యాలుంటే ఎలా లెక్కకడతారో తెలుసా? రెండూ కూడితే సరిపోతుందనుకుంటాం. కాదు. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక సూత్రం ఉంది. ఎక్కువ ఉన్న శాతాన్ని అలాగే ఉంచుతారు. 90 లోంచి దాన్ని తీసేసి, మిగిలినదాన్ని తక్కువ శాతంతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని మొదటిదానికి కలుపుతారు. ఒకాయనకు కాలిది 25 శాతం, చెవిది 20 శాతం అనుకుందాం. 90 లోంచి 25 పోతే 65. దాన్ని 20తో గుణించి 90తో భాగిస్తే 14.4. మొత్తం 39.4. గీతకు కింద! అదే చెవి డాక్టరు 20 బదులు 21 వేస్తే? మొత్తం 40.2. గీతకు పైన!

చెవి పరీక్షలో ఒక్క అంకె తేడా. ఆ రోజు గదిలో చప్పుడు ఎక్కువున్నా, పెద్దాయనకు చెప్పింది సరిగా అర్థం కాకపోయినా ఆ ఒక్క అంకె అటూ ఇటూ కావచ్చు. డాక్టర్ల తప్పని అనట్లేదు. ఏ కొలతలోనైనా ఆ మాత్రం తేడా ఉంటుంది, ఇంజినీరింగ్ మొదటి ఏడాది ల్యాబులోనే మాకు నేర్పే పాఠమది. గీత గీసిన చోట దానికి దగ్గర్లో ఆగిపోయేవాళ్లు ఉంటారు కాబట్టే అప్పీలు అనేది ఉండాలి. అది ఎవరో దయతలచి ఇచ్చే రెండో అవకాశం కాదు. కొలతలో తేడాను సరిదిద్దే ఏర్పాటు.

తెలంగాణలో వికలాంగుల పింఛను 2014 నవంబరులో ఆసరా మొదలైనప్పుడు 1,500 రూపాయలు. 2019లో 3,016 అయింది. 2023లో 4,016 చేశారు. అంటే పైన చెప్పిన ఆ ఒక్క అంకె విలువ ఏడాదికి 48,192 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 6,000 ఇస్తున్నారు కాబట్టి అక్కడ 72,000. అప్పీలు ఒక ఏడాది నలిగితే, చివరికి గెలిచినా సరే, ఆ ఏడాది డబ్బు ఎవరి జేబులోంచి పోయినట్టు?

చట్టంలో ఉన్న గడియారాలు

చట్టం అప్పీలును మర్చిపోలేదు. 2016 చట్టం 59వ సెక్షన్ అదే. సర్టిఫికెట్ ఇచ్చే అధికారి నిర్ణయం నచ్చకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఎన్ని రోజుల్లోగా, ఎలా చేసుకోవాలో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఇక్కడొకసారి ఆగి చదవండి. "ఎన్ని రోజుల్లోగా" అన్నది అప్పీలు చేసుకునే మనిషికి పెట్టిన గడువు. అప్పీలు విన్నవాళ్లు ఎన్ని రోజుల్లో తేల్చాలో ఆ సెక్షన్‌లో లేదు. రాష్ట్రం నిర్ణయించిన పద్ధతిలో తేల్చాలి, అంతే.

మొదటి సర్టిఫికెట్ సంగతి చూద్దాం. 2017 నిబంధనల ప్రకారం దరఖాస్తు అందిన నెలలోగా సర్టిఫికెట్ ఇవ్వాలి. అర్హత లేదంటే అదే గడువులో కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి. 2024 అక్టోబరులో కేంద్రం నిబంధనలు సవరించింది. ఆ నెల కాస్తా మూడు నెలలైంది. అదే సవరణలో ఇంకో ముచ్చట ఉంది. రెండేళ్లు దాటినా అధికారులు ఏ నిర్ణయమూ తీసుకోకపోతే ఆ దరఖాస్తు నిద్రాణంలోకి పోతుంది. అప్పుడు దరఖాస్తుదారే మళ్లీ కొత్తగా పెట్టుకోవాలి, లేదా అధికారుల దగ్గరికెళ్లి దాన్ని బతికించుకోవాలి.

నేను దీన్ని రెండుసార్లు చదువుకున్నా. నిర్ణయం తీసుకోనిది ఆఫీసు. దరఖాస్తు రద్దయ్యేది మనిషిది! మా ఆఫీసులో ఎవరైనా "రెండేళ్లు మేం పట్టించుకోని టికెట్లన్నీ వాటంతటవే మూసేసుకుంటాయి, కస్టమర్ మళ్లీ ఫోన్ చేయాలి" అని డిజైన్ చేస్తే, మొదటి మీటింగ్‌లోనే ఆ కాగితం చించేస్తారు. పెండింగ్ లెక్క మాత్రం బ్రహ్మాండంగా తగ్గుతుంది, అది వేరే విషయం.

నాంపల్లిలో రెండు కుర్చీలు

అప్పీలు ఆలస్యమైతే ఎక్కడికి పోవాలి? హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు జవాబు చాలామటుకు నాంపల్లి, ఆబిడ్స్ చుట్టుపక్కలే దొరుకుతుంది. ఈ ప్రాంతానికి రైలెక్కడానికో, జనవరిలో నుమాయిష్ చూడ్డానికో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకోవడానికో వచ్చేవాళ్లం చాలామందిమి ఉంటాం. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ జిరాక్సులు, పాస్‌పోర్ట్ ఫొటోలు, ఆసుపత్రి కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లు అంతకు తక్కువేమీ ఉండరు. కోర్టులు, కమిషన్లు, శాఖల ఆఫీసులు అన్నీ ఈ రెండు మూడు కిలోమీటర్లలోనే. ఇక్కడి జిరాక్స్ షాపులు బతికేదే వాళ్ల మీద.

నాంపల్లి నుంచి మొజంజాహీ మార్కెట్ వైపు వెళ్లే దారిలో గృహకల్ప సముదాయం ఉంది. అందులో రాష్ట్ర మానవ హక్కుల కమిషన్. ఇంకాస్త ముందుకెళ్తే మొజంజాహీ మార్కెట్ దగ్గర సమాచార హక్కు భవన్. అందులో రాష్ట్ర సమాచార కమిషన్. రెంటికీ మధ్య దూరం నడిచి వెళ్లేంతే. ప్రభుత్వ ఆఫీసు పలకనప్పుడు సామాన్యుడు తట్టే తలుపులు ఇవి రెండూ.

మానవ హక్కుల కమిషన్ ఛైర్మన్ పదవీకాలం 2022 డిసెంబరులో ముగిసింది. కొత్త ఛైర్మన్‌గా జస్టిస్ షమీమ్ అక్తర్ బాధ్యతలు తీసుకున్నది 2025 ఏప్రిల్‌లో. సమాచార కమిషన్ కథ కూడా ఇంతే. 2023 ఫిబ్రవరి తర్వాత అక్కడ ఒక్క కమిషనరూ లేరు. కొత్తవాళ్లు వచ్చింది 2025 మేలో. పక్కపక్కన ఉన్న రెండు సంస్థల్లో రెండేళ్లకు పైగా కుర్చీలు ఖాళీ. ఆ మధ్యలో ప్రభుత్వం కూడా మారింది కాబట్టి దీన్ని ఒక్క పార్టీ ఖాతాలో వేయడానికి కూడా లేదు.

సమాచార హక్కు చట్టంలో కూడా ఇదే తంతు చూడండి. దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మనం 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. దాన్ని 30 రోజుల్లో, మరీ కాకపోతే 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లో కమిషన్‌కు రెండో అప్పీలు. ఇంతవరకు అన్నిటికీ లెక్కుంది. కమిషన్ దాన్ని ఎన్ని రోజుల్లో తేల్చాలి? దానికి మాత్రం చట్టంలో గడువు లేదు. "నా పింఛను అప్పీలు ఏమైంది" అని తెలుసుకోవడానికి సమాచార హక్కు వాడితే, ఆ హక్కే ఇంకో క్యూలో నిలబడుతుంది.

"ఎప్పుడో చెప్తే చాలు"

మా మేనత్తకు పక్షవాతం వచ్చి ఎడమచేయి, ఎడమకాలు పట్టు తప్పాయి. ఆబిడ్స్‌లో బట్టల షాపులో పనిచేసే మా మామ ఆమెను చూసుకోవడానికి పని మానేశాడు. మొదటి పరీక్షలో శాతం సరిపోలేదు. మళ్లీ పరీక్షకు పెట్టుకున్నారు. ఒకసారి నేను సెలవు పెట్టి మామతో పాటు ఆఫీసుకు వెళ్లా. ఏ ఆఫీసో అనవసరం, అక్కడున్నాయన మర్యాదగానే మాట్లాడాడు. "వస్తదయ్యా, మెసేజ్ వస్తది" అన్నాడు. ఎప్పుడొస్తుందని అడిగితే, "అది మా చేతిల లేదు, పైనుంచి రావాలె" అన్నాడు. అది నిజమే అయ్యుంటుంది కూడా.

బయటికొచ్చాక నేనేదో ఊరడించబోయా. ఈ నెల నేను పంపిస్తాలే మామా అన్నా. ఆయన అన్నమాట ఇది: "పైసల సంగతి కాదురా. ఎన్నడొస్తదో చెప్తే చాలు. దాన్నిబట్టి అప్పు తెచ్చుకుంట. ఎన్నడో తెల్వకపోతే వడ్డీకిచ్చేటోనికి ఏం చెప్పాలె?"

ఎదురుచూపు గురించి ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఆరు నెలలు అని తెలిస్తే ఆరు నెలలకు సరిపడా బతుకు సర్దుకుంటారు. ఫిజియోథెరపీ వారానికి మూడుసార్లా ఒకసారా, మామ మళ్లీ పనిలోకి వెళ్లొచ్చా లేదా, పిల్లను ఊళ్లోంచి పిలిపించాలా అన్నీ ఆ ఒక్క తేదీ మీద ఆధారపడతాయి. తేదీ లేనప్పుడు ఇంట్లో ఏ నిర్ణయమూ ముందుకు కదలదు. పింఛను రాకపోవడం ఒక నష్టం. ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియకపోవడం దానిపైన ఇంకో నష్టం. రెండోదాన్ని తీసేయడానికి ప్రభుత్వానికి పెద్దగా ఖర్చు కూడా కాదు.

ఇక చూసుకునే మనిషి సంగతి. 2016 చట్టంలోనే, ఎక్కువ సాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇవ్వడం గురించి ఉంది. కేరళలో 'ఆశ్వాసకిరణం' పేరుతో మంచానపడ్డవాళ్లను చూసుకునేవాళ్లకు నెలకు 600 రూపాయలిచ్చే పథకం పెట్టారు. చిన్న మొత్తమే, కానీ "ఇంట్లో ఒకరు పని మానేసి కూర్చున్నారు" అన్న సంగతిని ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకున్నట్టు. ఆంధ్రప్రదేశ్‌లో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 2024 నుంచి నెలకు 15,000 ఇస్తున్నారు. ఇలాంటివి పెరిగేకొద్దీ శాతాలు తేల్చే పరీక్ష మీద, ఆ పరీక్ష మీద పడే అప్పీళ్ల మీద బరువు ఇంకా పెరుగుతుంది.

తేలేదాకా ఎవరు మోయాలి?

ఆంధ్రప్రదేశ్‌లో 2025లో జరిగింది ఒకసారి గుర్తుచేసుకుందాం. బోగస్ సర్టిఫికెట్లతో పింఛన్లు తీసుకుంటున్నారని ఆ ఏడాది జనవరి నుంచి వికలాంగుల పింఛన్లన్నీ మళ్లీ పరీక్షలకు పెట్టారు. ఆగస్టులో పెద్ద సంఖ్యలో నోటీసులు వెళ్లాయి, మీకు 40 శాతం లేదు, పింఛను ఆగుతుందని. జనం రోడ్డెక్కారు. మంచం మీంచి లేవలేనివాళ్లకు కూడా నోటీసులొచ్చాయని పేపర్లు రాశాయి. అప్పుడు ప్రభుత్వం ఒక మాట చెప్పింది: ఎంపీడీఓ దగ్గరో, మున్సిపల్ కమిషనర్ దగ్గరో అప్పీలు చేసుకున్నవాళ్లకు అది తేలేదాకా పింఛను ఆపం.

బోగస్ ఏరివేత అవసరమే. చెవి బాగా వినిపించేవాడు చెవిటి సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ డబ్బు నిజంగా వినపడనివాడిదే. కానీ నోటీసు గొడవలో మనం గమనించాల్సింది ఆ చివరి మాట. అప్పీలు తేలేదాకా పింఛను నడుస్తుందంటే, ఆలస్యం ఖర్చు ప్రభుత్వం మీద పడింది. తొందరగా తేల్చకపోతే ఖజానాకు నష్టం. అప్పుడు ఫైలు దానంతటదే కదులుతుంది. అదే పింఛను ఆపేసి అప్పీలు వినడం మొదలుపెడితే, ఆలస్యమైనకొద్దీ ఖజానాకు మిగులు. ఎవరినీ తప్పుపట్టకుండానే చెబుతున్నా, ఆలస్యం వల్ల లాభపడే చోట ఆలస్యం తగ్గదు.

కొత్తగా దరఖాస్తు చేసుకున్నవాళ్ల పరిస్థితి ఇంకా ఇబ్బంది. వాళ్లకు ఆపడానికి పాత పింఛనే లేదు. పైగా సర్టిఫికెట్ చేతికొచ్చినా మంజూరు వేరే సంగతి. తెలంగాణలో ఏళ్ల తరబడి కొత్త మంజూర్లు నిలిచిపోయి, 2022 ఆగస్టులో ఒకేసారి సుమారు 10 లక్షల కొత్త పింఛన్లు ఇచ్చారు. ఇచ్చినందుకు సంతోషమే. కానీ 2020లోనే అర్హత ఉన్న మనిషికి ఆ మధ్య కాలం బకాయి ఎవరిస్తారు?

కేంద్రం వాటా సంగతి కూడా చెప్పుకోవాలి. ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకానికి 80 శాతం వైకల్యం ఉండాలి, ఇంటికి పేదరికం ఉండాలి. ఇన్ని ఉంటే కేంద్రం ఇచ్చేది నెలకు 300 రూపాయలు. ఆ మొత్తం 2012 నాటిది. నాంపల్లి స్టేషన్ నుంచి ఆసుపత్రికి రానూపోనూ రెండుసార్లు ఆటో మాట్లాడుకుంటే అయిపోతుంది.

బయట ఎలా ఉంది?

విదేశాల్లో అంతా బంగారమని చెప్పను. బ్రిటన్‌లో వికలాంగుల భత్యం కాదంటే ముందు అదే శాఖ ఇంకోసారి చూడాలి, ఆ తర్వాతే స్వతంత్ర ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. నెలలు పడుతుంది. జనం అక్కడా తిట్టుకుంటారు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ వైకల్య భత్యం మీద అప్పీలు విచారణకు రావడానికీ నెలలే. అక్కడ స్థిరపడి, జబ్బుపడ్డ అమ్మానాన్నలనో తోబుట్టువులనో చూసుకుంటున్న మనవాళ్లను అడిగినా ఇదే చెబుతారు.

కానీ రెండు తేడాలున్నాయి. మొదటిది, ఎదురుచూపును కొలుస్తారు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ శాఖ ఒక్కో విచారణ ఆఫీసులో సగటున ఎన్ని నెలలు పడుతోందో ఊరి పేరుతో సహా బయటపెడుతుంది. డల్లాస్‌లో ఎంత, ఇంకో ఊళ్లో ఎంత అని ఎవరైనా చూసుకోవచ్చు. బ్రిటన్‌లో ట్రిబ్యునల్ లెక్కలు మూడు నెలలకోసారి వస్తాయి. రెండోది, గెలిస్తే వెనకటి డబ్బు ఇస్తారు. బ్రిటన్‌లో అప్పీలు నెగ్గితే మొదట అడిగిన తేదీ నుంచి లెక్కకట్టి బకాయి చెల్లిస్తారు. ఎదురుచూడటం తప్పలేదు, కానీ ఆ కాలం మొత్తం నష్టపోలేదు.

అంత దూరం ఎందుకు, పక్కనున్న కర్ణాటక చూడండి. 2011లో 'సకాల' అనే చట్టం తెచ్చారు. ఒక్కో సేవకు ఇన్ని రోజులని గడువు పెట్టి, దాటితే రోజుకు 20 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 500 దాకా దరఖాస్తుదారుకు పరిహారం. చిన్న మొత్తమే. కానీ 20 రూపాయలైనా ఆఫీసు వైపు తిరిగే గడియారం అది.

ఏం చేస్తే బాగుంటుంది?

కొత్త పథకం అక్కర్లేదు. నాలుగు మార్పులు చాలు. అప్పీలు తీసుకున్న రోజే రసీదు మీద "ఫలానా తేదీలోగా తేలుస్తాం" అని ముద్రించాలి. నడుస్తున్న పింఛనును అప్పీలు తేలేదాకా ఆపకూడదు. కొత్తవాళ్లు గెలిస్తే దరఖాస్తు తేదీ నుంచి బకాయి ఇవ్వాలి. ఏ ఆసుపత్రిలో పరీక్షకు ఎన్ని వారాలు పడుతోందో నెలనెలా పోర్టల్‌లో పెట్టాలి. చివరిది రాయడం ఏ సాఫ్ట్‌వేర్ కుర్రాడికైనా పెద్ద పని కాదు. దరఖాస్తు తేదీ, నిర్ణయం తేదీ కంప్యూటర్లో ఉంటే ఒకదాంట్లోంచి ఒకటి తీసేయడమే.

డాక్టర్ల కొరత అనే అడ్డంకి నిజమైనదే. చెవికి కోఠి ఈఎన్‌టీ, కంటికి మెహిదీపట్నం సరోజినీ దేవి, మానసిక సమస్యలకు ఎర్రగడ్డ అన్నట్టు నిపుణులు ఎక్కడో ఒకచోటే ఉంటారు. వాళ్లు రోజూ రోగులను చూస్తూనే ఈ పరీక్షలూ చేయాలి. కానీ ఎక్కడ ఎన్ని వారాలు పడుతోందో లెక్క బయట ఉంటేనే కదా, ఫలానా చోట ఇంకో డాక్టరు కావాలని గట్టిగా అడగగలిగేది!

అప్పటిదాకా మన పని

ప్రభుత్వం మారేదాకా చేతులు కట్టుకు కూర్చోలేం కాబట్టి, ఇంట్లో ఇలాంటి కేసు ఉన్నవాళ్లకు కొన్ని మాటలు.

కాదన్నప్పుడు కారణం రాతపూర్వకంగా అడగండి. అది మీ హక్కు, నిబంధనల్లోనే ఉంది. కారణం తెలియకుండా వేసే అప్పీలు చీకట్లో రాయి విసిరినట్టే. రెండు వైకల్యాలుంటే రెండూ పరీక్షించారో లేదో చూసుకోండి, పైన చెప్పిన లెక్క వేసుకోండి. ఏ కాగితం ఇచ్చినా రసీదు, తేదీ, నంబరు తీసుకోండి. ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచండి. దరఖాస్తు పెట్టి రెండేళ్లు కావస్తుంటే, అది నిద్రాణంలోకి పోకముందే వెళ్లి కనుక్కోండి.

సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇచ్చినప్పుడు "న్యాయం చేయగలరు" అని వదిలేయకుండా, పాత దరఖాస్తు నంబరు, ఎన్ని రోజులైందో రాయండి. సమాచార హక్కు దరఖాస్తుకు పేదరిక రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు. అందులో "నా అప్పీలు ప్రస్తుతం ఎవరి దగ్గర ఉంది, ఏ తేదీ నుంచి ఉంది" అని రెండే ప్రశ్నలు అడగండి. పెద్ద వ్యాసం వద్దు. వికలాంగుల హక్కుల చట్టం కింద రాష్ట్ర కమిషనర్ ఉంటారు. ఆయన సిఫార్సు చేస్తే సంబంధిత శాఖ మూడు నెలల్లో ఏం చేసిందో తిరిగి చెప్పాలి. అది ఆఫీసు వైపు కట్టిన గడియారం, కాబట్టి దాన్ని వాడుకోండి. కోర్టు దాకా పోవాల్సి వస్తే, న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. ఈ సంగతి చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు పక్కింటివాళ్లకు చెప్పండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. ఈసారి ఏ ఆఫీసులోనైనా "వస్తది, మెసేజ్ వస్తది" అంటే, కోపం తెచ్చుకోవద్దు. నవ్వుతూనే, రసీదు ముందుకు జరిపి, పెన్ను కూడా మీరే ఇచ్చి అడగండి: "ఏ తేదీలోగా సార్? ఇక్కడ కాస్త రాసివ్వండి."

పదిమంది అడిగితే విసుక్కుంటారు. వెయ్యిమంది అడిగితే రబ్బరు స్టాంపు చేయించుకుంటారు. మనకు కావాల్సింది ఆ స్టాంపే.